తొమ్మిదో మర్యాద

అక్టోబరు 11, శుక్రవారం

ఇవాళ క్యాంటీన్లో మెంగ్ అన్న అందరి ముందూ నన్ను పట్టుకున్నాడు. లువాన్ చెల్లెమ్మా, నాకో డౌటు, ఆ దక్షిణ అమెరికాకి ఏమైనా గాలి సోకిందా, అన్నాడు. మేలో వచ్చినాయన యాంటీబయాటిక్ వేసుకున్నానని గ్లాసు ముట్టలేదు. జూన్లో వచ్చినాయనా అదే పాట. జూలైలో ఇద్దరొస్తే ఇద్దరూ అదే పాట. ఖండం ఖండమంతా మంచాన పడి, పవర్ టిల్లర్లు కొనడానికి మాత్రం లేచొస్తోందా ఏమిటమ్మా, అని. బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నోట్లో ముద్ద ఎటు పోయిందో తెలీలేదు.

ఎందుకంటే ఆ పాట నేర్పింది నేనే.

స్పానిష్ మాట్లాడే అతిథులు వచ్చినప్పుడు ఈ ఫ్యాక్టరీకి దుబాసీని నేను. వాళ్లు బయల్దేరే ముందే ఒక రెండు పేజీల కాగితం మెయిల్లో పంపుతాను. మా షాన్‌దోంగ్ విందు బల్ల దగ్గర ఎలా మెలగాలో అందులో తొమ్మిది మర్యాదలుగా రాశాను. తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీ ఇంటాయనది, మీకు కుర్చీ చూపించేదాకా నిలబడే ఉండండి. తినడానికి ఇచ్చిన పుల్లలు అన్నంలో నిలువుగా గుచ్చకండి, చచ్చిపోయినవాళ్లకు అలా పెడతాం. గ్లాసులు తాకించేటప్పుడు మీది కాస్త కిందుగా ఉంచండి. ఎదుటివాడు ఖాళీ చేసి గ్లాసు బోర్లిస్తే మీది వదిలేయకండి, ఆయన మొహం మాడుతుంది. ఇలాంటివన్నీ. తొమ్మిదోది: తాగలేకపోతే యాంటీబయాటిక్ వేసుకున్నానని చెప్పండి, ఇక్కడ ఆ మాటకు ఎదురు లేదు.

నిజంగానే లేదు. మాత్ర మీద మందు, మర్నాడు పాడె అని మా ఊళ్లో పిల్లకాయలకు కూడా తెలుసు. నిరుడు ఒక బొలీవియా ఆయన మా మర్యాదలు తట్టుకోలేక లిఫ్టులో బోర్లా పడి ముందు పళ్లు రెండు విరగ్గొట్టుకున్నాడు. జాలేసి ఆ తొమ్మిదోది కలిపాను. మంచికి పోతే చెడు ఎదురైనట్టుంది ఇప్పుడు.

మెంగ్ అన్న సేల్స్ హెడ్. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. నన్ను అడిగాడంటే అడగడానికి అడిగింది కాదు.


అక్టోబరు 14, సోమవారం

మీటింగ్. గోంగ్ గారు వచ్చారు. ఫ్యాక్టరీ ఆయనదే, మా అన్నం ఆయనదే.

అతిథి తన కాళ్ల మీద తాను నడిచి వెళ్తే పెట్టినవాడు సరిగా పెట్టలేదని మా నాన్న అనేవాడు, అని మొదలుపెట్టారు. ఐదు నెలలుగా నా బల్ల దగ్గర నుంచి ఒక్కొక్కడూ నీళ్లు తాగి వెళ్తున్నాడు. వాళ్లంతట వాళ్లకు ఆ మాత్రల మాట తట్టేది కాదు. మనలోనే ఎవరో నేర్పుతున్నారు. నా ఉప్పు తిని నా బల్లకే ఎసరు పెడుతున్నవాళ్లు ఎవరో తెలిసిన రోజు, ఆ రోజే గేటు బయట, అన్నారు. అరవలేదు. గోంగ్ గారు అరవరు. టీ కప్పు మూత మెల్లగా తిప్పుతూ ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ వెళ్లారు. నా దగ్గర ఆగారా? ఆగినట్టే అనిపించింది.

ఈసారి ఎవడైనా ఆ మాట అన్నాడో, అప్పుడు వాడికి డబుల్ పోస్తాను, అని మెంగ్ అన్న అందుకున్నాడు. అందరూ నవ్వారు.

సీటుకు రాగానే ఫైల్లో తొమ్మిదోది తీసేశాను. తర్వాత గుర్తొచ్చింది. శుక్రవారం వస్తున్న సెదేన్యో గారికి పాత కాగితమే పోయింది. రెండో తారీఖునే పంపేశాను.

ఈ జిల్లా మొత్తానికి స్పానిష్‌తో బతుకుతున్నది నేనొక్కదాన్నే. ఆ గేటు బయట నా స్పానిష్ ఎవరికి కావాలి? ముప్ఫై నాలుగేళ్లొచ్చాయి, అమ్మ నా మీదే ఉంది. రాత్రంతా లెక్కలే.


అక్టోబరు 17, గురువారం

రేపు ఆయన తొమ్మిదోది అన్నాడంటే నా పని అయిపోయినట్టే.


అక్టోబరు 18, శుక్రవారం. ఉదయం 11:20, హోటల్ లాబీ

సెదేన్యో గారు పైకి వెళ్లి చొక్కా మార్చుకుంటున్నారు. ఈక్వడార్ ఆయన, అరవై మూడేళ్లు, సన్నగా, మెత్తగా మాట్లాడతారు. గ్వాంగ్‌జౌ ఎగ్జిబిషన్ చూసుకుని పొద్దున్నే విమానం దిగారు.

వచ్చేటప్పుడు కారులోనే చెప్పేశాను. అయ్యా, నేను పంపిన కాగితంలో తొమ్మిదోది ఇప్పుడు చెల్లడం లేదు, దయచేసి ఆ మాట మాత్రం అనకండి, నా ఉద్యోగం పోతుంది, అని. ఆయన దవడ మీద చెయ్యి పెట్టుకున్నారు. సరేనమ్మా అన్నారు.

హమ్మయ్య. గండం గడిచినట్టే.


అక్టోబరు 18. సాయంత్రం 6:30, ఆస్పత్రి మూడో అంతస్తు

 వరసగా రాయాలి. వరస తప్పితే నాకు అనుకూలంగా రాసేసుకుంటానేమోనని భయంగా ఉంది.

పన్నెండుకు కూర్చున్నాం. తలుపుకు ఎదురుగా గోంగ్ గారు. ఆయన కుడిపక్క సెదేన్యో గారు. ఆ పక్కన నేను. తలుపుకు వీపు పెట్టి మెంగ్ అన్న. ఇంకో నలుగురు సేల్స్ వాళ్లు. మెంగ్ అన్న కూర్చున్న కుర్చీకి మా షాన్‌దోంగ్‌లో ఒకటే పని, అతిథి గ్లాసు ఎండకుండా చూడటం. ఆ కుర్చీలో కూర్చుని పోయకపోతే తప్పు వాడిది.

సెదేన్యో గారు ఒక్క తప్పు చేయలేదు. నా కాగితం కంఠతా పట్టుకొచ్చారు పాపం. కుర్చీ చూపించేదాకా నిలబడే ఉన్నారు. గోంగ్ గారు పుల్లలు ఎత్తేదాకా తనవి ముట్టలేదు. గాడిద మాంసం ముక్క గోంగ్ గారు స్వయంగా ఆయన ప్లేట్లో పెడితే రెండు చేతులూ ప్లేటుకు ఆనించి తలవంచి తీసుకున్నారు. గోంగ్ గారి మొహం వెలిగిపోయింది, మర్యాద తెలిసిన మనిషిరా, అన్నారు. ఆయన ఆ ముక్కను కుడివైపే నములుతున్నారు. అది నేను చూశాను. చూశాను.

జొన్న సారా పోశారు. అప్పుడు ఆయన నా వైపు వంగి మెల్లగా చెప్పారు. అమ్మా, మొన్న గ్వాంగ్‌జౌలో పన్ను పీకించుకున్నాను, చీము పట్టింది, మాత్రలు వేసుకుంటున్నాను, ఒక్క చుక్క కూడా తాగొద్దని డాక్టర్ చెప్పాడు, వీళ్లకు చెప్పండి, అని. నేను నవ్వు మొహం పెట్టుకునే అన్నాను, అయ్యా, కారులో మీకు చెప్పాను కదా, తొమ్మిదోది వద్దని. ఆయన అన్నారు, ఇది తొమ్మిదోది కాదమ్మా, నిజం.

ఆ మాట విన్నాను. చక్కగా విన్నాను. వద్దని బతిమాలిన తర్వాత కూడా మనిషి అదే మాట అంటున్నాడంటే అది నిజమని ఏ బుర్రకైనా తట్టాలి. నా బుర్రలో గోంగ్ గారి టీ కప్పు మూత ఒక్కటే తిరుగుతోంది.

చెవిలో ఏమిటమ్మా ఆ గుసగుసలు, పెళ్లిచూపులా, అని మెంగ్ అన్న అడిగాడు. గది చాలా బాగుందంటున్నారు, అన్నాను.

గోంగ్ గారు లెక్క చెప్పారు: ఈ గ్లాసు ఆరు గుక్కల్లో అయిపోవాలి, ఒక్కో గుక్కకు ముందు అతిథిని దీవిస్తూ ఒక్కో మాట. సెదేన్యో గారు ఆరుసార్లూ పెదవులు తడిపి దించారు. గ్లాసు పెద్దగా తగ్గలేదు. నాకు కాస్త ధైర్యం వచ్చింది, ఇలాగే నెట్టుకొస్తారులే అనుకున్నాను.

అప్పుడు చేప వచ్చింది. పుల్లటి తియ్యటి రసంలో పెద్ద కార్ప్ చేప. వడ్డించే అమ్మాయి తల సెదేన్యో గారి వైపు వచ్చేలా తిప్పి పెట్టింది. తల ఎదురుగా ఉన్నవాళ్లకు మూడు కప్పుల సారా, తోక ఎదురుగా ఉన్నవాళ్లకు నాలుగు, అవి తాగేదాకా చేపను ఎవరూ ముట్టరు. తోక మెంగ్ అన్న వైపు వచ్చింది. మెంగ్ అన్న లేచి నాలుగూ వరసగా తాగి, నాలుగు కప్పులూ బోర్లించి, నాలుగు తాగినవాణ్ని నేనే నిలబడ్డాను, మూడు తాగేవారికి భయమెందుకు పెద్దాయనా, అంటూ ఆయన ముందు మూడు కప్పులు పెట్టాడు.

సెదేన్యో గారు బల్ల కింద నా మణికట్టు పట్టుకున్నారు. చెయ్యి చల్లగా ఉంది. దయచేసి చెప్పండమ్మా, నాకు భయంగా ఉంది, అన్నారు.

ఏమంటున్నారు, అని ఈసారి అడిగింది గోంగ్ గారు. బల్ల మొత్తం నా నోటి వైపే చూస్తోంది. మాత్రలు అన్న మాట నా నోట్లోంచి వస్తే మెంగ్ అన్న నవ్వుతాడు, ఆ నవ్వు తర్వాత ఎవరు నేర్పారని అడుగుతారు, ఈయన అమాయకంగా నా కాగితం తీసి చూపిస్తాడు. ఇదంతా ఒక్క క్షణంలో కనిపించింది నాకు. చేపను ఇంత అందంగా వండటం ఇంతవరకూ ఎక్కడా చూడలేదంటున్నారు, అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన అనుకుని ఉంటారు, చెప్పానని, చెప్పినా వీళ్లు వినడం లేదని. నా వైపు ఒకసారి చూసి మూడూ తాగేశారు.

పావుగంట కూడా పట్టలేదు. ముందు మెడ ఎర్రబడింది, తర్వాత మొహం, తర్వాత కళ్లలోకి ఎక్కింది. చెమట. బల్లగుడ్డ గుప్పిట్లో పట్టుకున్నారు. మూడుకే వాలిపోయాడ్రా, తేలికపాటి మనిషి, అని మెంగ్ అన్న నవ్వుతున్నాడు. ఆ తర్వాత ఆయన కుర్చీలోంచి జారిపోయారు. పెదవులు నీలంగా ఉన్నాయి. అప్పుడు నవ్వు ఆగింది.

ఇంకా ఉంది. అసలుది ఇంకా రాయలేదు. డాక్టర్ పిలుస్తోంది.


అక్టోబరు 18. రాత్రి 8:00, ఇల్లు

అసలుది.

ఆస్పత్రికి చేరేసరికి ఒకటీ నలభై. డాక్టరమ్మ అడిగింది, ఏమైనా మందులు వాడుతున్నారా ఈయన, అని. గోంగ్ గారు వెంటనే, లేదండీ, అలాంటిదేమీ చెప్పలేదు, అన్నారు. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. దుబాసీ మీరేనా, మీకేమైనా చెప్పారా, అని.

నేను   తల అడ్డంగా ఊపాను.

గుండెపోటనుకున్నారు. వయసు, చెమటలు, పడిపోయిన తీరు, అన్నీ అలాగే ఉన్నాయి. ఆ దారిలో వైద్యం మొదలుపెట్టారు. నేను వరండాలో ఆయన కోటు పట్టుకుని నిలబడ్డాను. లోపలి జేబులో మాత్రల అట్ట ఉంది, చేతికి తగులుతోంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నేను గోతిలో లేను, నూతిలోనూ లేను, ఆయన్ని తోసి గట్టున నిలబడ్డాను.

రెండూ ఇరవై ఐదుకు లోపల ఎవరో పరిగెత్తారు. అప్పుడు తలుపు తోసుకుని వెళ్లాను. ఇప్పుడే కోట్లో దొరికింది, చూడండి, అని అట్ట చూపించాను. ఇప్పుడే అన్నాను.

ఒకటీ నలభై నుంచి రెండూ ఇరవై ఐదు. నలభై ఐదు నిమిషాలు.

డాక్టరమ్మ అట్ట చూసి నెత్తి కొట్టుకుంది. ఇది ముందే తెలిస్తే ఇప్పుడు ఎక్కించిన మందు జోలికే పోయేదాన్ని కాదు, అసలే పడిపోయిన బీపీని ఇంకా పడేసింది, అంది. ఆయన గుండె ఒకసారి ఆగింది. మళ్లీ కొట్టించారు. ఇప్పుడు గొంతులో గొట్టం, ఐసీయూ.

అమ్మ గారెల్లాంటి రొట్టెలు చేసి పెట్టింది. తినవేమే, ఎవరితోనైనా పోట్లాడావా, అంటోంది. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.


అక్టోబరు 19, శనివారం

తెలివి రాలేదు.


అక్టోబరు 20, ఆదివారం

గోంగ్ గారు ఐసీయూ బయట అందరి ముందూ నా భుజం తట్టారు. ఈ అమ్మాయి కోటు వెతక్కపోతే మనిషి దక్కేవాడు కాదు, డాక్టరే చెప్పింది, అన్నారు. ఫ్యాక్టరీ గ్రూపులో మెసేజ్ పెట్టారు. కింద నూట పన్నెండు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అమ్మ దాన్ని మా పిన్నికి, మా పిన్ని ఊరందరికీ పంపింది. మా పిల్లకు చిన్నప్పటి నుంచీ చురుకెక్కువ, అని ఫోన్లో అమ్మ చెబుతూంటే బాత్రూంలోకి వెళ్లి నల్లా తిప్పుకుని కూర్చున్నాను.

తేలు కుట్టిన దొంగనైపోయాను. అరవడానికి లేదు.


అక్టోబరు 21, సోమవారం

మెంగ్ అన్నను ఇంటికి పంపించేశారు. విషయం తేలేదాకా రావద్దన్నారట. బలవంతంగా తాగించినవాళ్లూ బాధ్యులేనని ఈమధ్య కోర్టులు అంటున్నాయి కదా, గోంగ్ గారి లాయరు ఆ మాట చెప్పాడు. పోసింది ఎవరు అని అడిగాడు. బల్ల చుట్టూ ఉన్న మిగతా ఆరుగురమూ ఒకే మాట చెప్పాం. మెంగ్ అన్న పోశాడు.

సాయంత్రం గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఆ మనిషి జోకు వేయకుండా రెండు మాటలు మాట్లాడటం నేను ఇదే చూడటం. చెల్లెమ్మా, నిజం చెప్పు, ఆయన నీకేమైనా అన్నాడా ఆ రోజు, నీ చెయ్యి పట్టుకున్నట్టు కనిపించింది నాకు, అన్నాడు. చేప గురించే కదన్నా, అన్నాను. తల ఊపాడు. నేను చెడ్డవాణ్ని కాదమ్మా, మాత్రలని ఒక్క ముక్క నా చెవిన పడి ఉంటే ఆ కప్పులు నేనే తాగేసేవాణ్ని, అన్నాడు.

ఒక్క ముక్క చెవిన పడి ఉంటే నవ్వేవాడివి, డబుల్ పోసేవాడివి, మీటింగులో నువ్వన్నదే కదా! అనాలనిపించింది. ఆ మాట నిజమో కాదో నాకు తెలీదు. నిరూపించుకునే అవకాశం మెంగ్ అన్నకు నేనివ్వలేదు. అతని కళ్లు చూస్తే నిజం కాదేమో అనిపించింది, భయం ఇంకా పెరిగింది.


అక్టోబరు 22, మంగళవారం. తెల్లవారుజాము 5:40

ఆయన బతకాలి.

ఆయన లేవకూడదు.

రెండూ రాసేశాను. రెండూ నావే. ఈ పేజీ చింపాలి.


అక్టోబరు 22. ఉదయం 9:00

చింపలేదు.


అక్టోబరు 23, బుధవారం

కూతురు వచ్చింది. పేరు ఇల్దా. రెండు రోజులు విమానాలు మారుతూ వచ్చిందట, కాళ్లు వాచి ఉన్నాయి. స్టేషన్ నుంచి ఆస్పత్రి దాకా నేనే తీసుకొచ్చాను. దారిలో నా చెయ్యి వదల్లేదు. మాత్రలు దొరకబట్టి మా నాన్న ప్రాణం నిలబెట్టింది మీరేనటగా, అంది. నా వేళ్లు ముద్దు పెట్టుకుంది. ఆ వేళ్లే కదా నలభై ఐదు నిమిషాలు ఆ అట్ట మీద ఉన్నది.

తర్వాత అడిగింది. నాకొకటి అర్థం కావడం లేదు. మా నాన్న చెప్పకుండా ఉండే మనిషి కాదు. మా అమ్మ మందు పడక పోయింది. అప్పట్నుంచి నాన్న ఏ మాత్ర వేసుకున్నా బస్సు కండక్టరుకు కూడా చెబుతాడు, మేం ఆటపట్టిస్తాం కూడా. ఆ రోజు ఎవరికీ చెప్పలేదా? అని.

చాలా గోలగా ఉంది, నాకు వినబడలేదేమో, అన్నాను.

వినబడలేదేమో! మూడో అబద్ధమా, నాలుగోదా? లెక్క తప్పిపోయింది.

ఐసీయూ అద్దంలోంచి ఆయన్ని చూసింది. లోపలికి వెళ్లనిచ్చే సమయం రోజుకు అరగంట. బయటికొచ్చి, గోళ్లు పెరిగాయి నాన్నకు, కత్తెర ఉందా, అని అడిగింది. కిందకు పరిగెత్తి కొనుక్కొచ్చాను. చేయగలిగింది అదొక్కటే దొరికింది నాకు.


అక్టోబరు 24, గురువారం

కాళ్ల వేళ్లు కదిపారట. ఇల్దా ఏడుస్తూ ఫోన్ చేసింది. నేనూ ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో ఇక్కడ కూడా రాయలేను.

ఆఫీసులో గోంగ్ గారు పిలిచారు. నెలాఖరు నుంచి విదేశీ అతిథుల వ్యవహారం మొత్తం నువ్వే చూడు, మెంగ్ పని ఎలాగూ అయిపోయింది, అన్నారు. వద్దండీ అన్నాను. వినయం మంచిదే గానీ మరీ ఎక్కువ పనికిరాదమ్మాయ్, అని నవ్వారు. నాకు టీ ఆయనే పోశారు. పదేళ్లలో మొదటిసారి.


అక్టోబరు 25, శుక్రవారం. మధ్యాహ్నం 2:10

లేచారు. గొట్టం తీసేశారు.

గొంతు బొంగురుగా ఉందట. ముందు నీళ్లు అడిగారట. తర్వాత దుబాసీ అమ్మాయి ఎక్కడ అని అడిగారట.


అక్టోబరు 25. సాయంత్రం 5:00

వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. తలుపు దగ్గర నిలబడ్డాను, లోపలికి అడుగు పడలేదు. ఆయన తల తిప్పి చూశారు.  అలా చూస్తూనే ఉన్నారు. నా మొహం ఏం చెప్పిందో నాకు తెలీదు. అద్దంలో చూసుకున్నాను తర్వాత, ఏదో చెప్పేసే మొహమే అది. నర్సు టైమైపోయిందని తలుపేసింది.

రేపు పది గంటలకు వార్డులోకి మారుస్తారు. గోంగ్ గారు, లాయరు, మెంగ్ అన్న అందరూ వస్తున్నారు. పళ్లబుట్ట, పూలు ఇప్పటికే ఆర్డరిచ్చారు. గోంగ్ గారు క్షమాపణ చెబుతారు. సెదేన్యో గారు జరిగింది చెబుతారు. మధ్యలో నేను నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాలి. ఈ అమ్మాయికి రెండుసార్లు చెప్పాను అని ఆయన అంటారు. ఆ మాటను నా నోటితో నేనే మా భాషలో గోంగ్ గారికి అందించాలి. ఆ గదిలో రెండు భాషలూ వచ్చింది నా ఒక్కదానికే. నేను ఏం చెబితే అదే ఆయన అన్నట్టు.

ఈ ఆలోచన వచ్చినప్పటి నుంచీ ఇంకా ఎక్కువ భయంగా ఉంది. ఆయన ఏమంటారోనని కాదు. నేను ఏమంటానోనని.

అమ్మ నా నుదురు పట్టుకుని చూసింది. ఒళ్లు కాలిపోతోందే, మాత్ర వేసుకో, అంది. వద్దన్నాను.


అక్టోబరు 26, శనివారం. ఉదయం 11:15, ఆస్పత్రి మెట్లు

సెదేన్యో గారు అన్నది: మాత్రల సంగతి నేనెవరికీ చెప్పలేదు, మొహమాటపడి తాగేశాను, తప్పు నాదే, పోసినాయన్ను ఏమీ అనకండి, ఈ అమ్మాయిని కూడా.

నేను గోంగ్ గారికి మా భాషలో చెప్పింది: మాత్రల సంగతి ఈ అమ్మాయికి రెండుసార్లు చెప్పాను, చెయ్యి పట్టుకుని బతిమాలాను, ఆమె మీకు చెప్పలేదు, అంటున్నారు.

దుబాసీగా తెలిసి తెలిసి అతిథి మాట మార్చి చెప్పడం నా పదేళ్లలో ఇది మూడోసారి.

మెంగ్ అన్న చేతిలో పళ్లబుట్ట కింద పెట్టాడు. లోపలి నుంచి ఇంకా ఎవరూ బయటికి రాలేదు.